మొదటి బహుమతి ఆ అమ్మాయికే ఎందుకు ఇచ్చామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డులు సోమవారం పంపుతున్నాం, సంతకం చేసి రెండు రోజుల్లో తిరిగి పంపండి. బస్సు ఫీజు గడువు ఈ నెలాఖరు. ఇక గేటు దగ్గరా ఫోన్లలోనూ మీరంతా మాట్లాడుకుంటున్న విషయానికి వస్తాను.

"హోంవర్క్ ఎత్తేయాలి" అన్న అంశం మీద శుక్రవారం జరిగిన డిబేట్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి అనుకూలంగా మాట్లాడింది. చాలా బాగా మాట్లాడింది. ఆమె తర్వాత ఏడో తరగతి అబ్బాయి లేచి, క్లాసులో వచ్చేసిందనుకున్న లెక్క ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడే రాలేదని తెలుస్తుందని, ఆ తెలియడం కోసమైనా హోంవర్క్ ఉండాలని అన్నాడు. జవాబు చెప్పే వంతు వచ్చేసరికి ఆ అమ్మాయి కాసేపు ఆగింది. "ఇది నేను ఆలోచించలేదు. ఈ మాట నాకు నచ్చింది. ఎత్తేయాలని ఇక అనను, తగ్గించాలని మాత్రం ఇప్పటికీ అంటాను" అంది. జడ్జీలు ఆమెకే మొదటి బహుమతి ఇచ్చారు. "ఓటమి ఒప్పుకున్న పిల్లకు బహుమతి ఏమిటండీ?" అని ఆ సాయంత్రం నుంచీ నాకు ఫోన్లు వస్తున్నాయి.

ఆ ప్రశ్నలోని మాట దగ్గరే ఆగుదాం. "ఒప్పుకో" అన్న మాట పిల్లలు ఇంట్లో ఎప్పుడు వింటున్నారు? ఏదో పగిలినప్పుడు, మార్కులు తగ్గినప్పుడు. తప్పు ఒప్పుకో, అబద్ధమాడానని ఒప్పుకో. ఎదుటివారి మాటలో న్యాయం కనబడి సరేననడానికీ మనం మామూలుగా వాడేది ఆ క్రియే. ఏళ్ల తరబడి దాన్ని తిట్లలోనే విన్న పిల్లకు ఒప్పుకోవడమంటే తల దించుకోవడమనే స్థిరపడిపోతుంది. కానీ అందులో ఉన్నది తప్పొప్పుల్లోని ఒప్పే కదా! ఒప్పు ఎక్కడుందో చూసి దాన్ని తనదిగా తీసుకోవడం. ఆ అమ్మాయి చేసింది అదే, అదీ నిండు సభలో, తన వంతు ఇంకా మిగిలి ఉండగా.

ఇంకోటి గమనించండి. ఆ పిల్ల "ఒప్పుకుంటున్నాను" అనలేదు, "నాకు నచ్చింది" అంది. "నమ్ము", "ఒప్పుకో" అని ఎవరినైనా ఆజ్ఞాపించవచ్చు. "నచ్చు" అని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. బలవంతంగా ఒప్పించారు అంటాం, బలవంతంగా నచ్చజెప్పారు అనం. నమ్మించడమైతే మరీ చెడ్డ సావాసంలో పడింది, "నమ్మించి" అనగానే చెవికి "మోసం చేశాడు" అని వినబడుతుంది. నచ్చజెప్పడానికి మాత్రం కారణాలు కావాలి, ఓపిక కావాలి, ఎదుటి మనిషికి కాదనే వీలుండాలి. పిల్లలు "అమ్మను కన్విన్స్ చేశా" అంటుంటారు. ఎలా అని అడిగితే, విసిగే దాకా అడిగి సరే అనిపించుకున్నారని తేలుతుంది. ఆ ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లో జయించడం. పిల్లల వాడుకలో ఆ జయం ఒక్కటే మిగిలింది. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఈ తేడాను ఎంత స్పష్టంగా చెప్పిందో చూడండి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. మా స్టేజీ మీద నేను వాదమే నేర్పిస్తాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే పిల్లలను తయారుచేసి వాళ్లకు కప్పులు పంచడం నావల్ల కాదు.

ఆ ఏడో తరగతి అబ్బాయి గురించి చెప్పకపోతే అన్యాయం. గొంతు పెంచకుండా, ఎవరినీ వెక్కిరించకుండా మాట్లాడి ఒక సీనియర్ చేత ఆలోచన మార్పించాడు. రెండో బహుమతి అతనిదే. తొమ్మిదో తరగతి వాళ్లయితే మర్నాడే నమ్మకం, విశ్వాసం, సమ్మతి, అంగీకారం, నిర్ధారణ అంటూ గోడ నిండా చార్టులు పెట్టి, ఒక్కో మాటకు ఒక్కో వాక్యం రాశారు. "నాన్న మాటకు సమ్మతించాను, కానీ నాకు ఇంకా నమ్మకం కుదరలేదు" అని రాసిన పిల్లవాణ్ణి పిలిచి భుజం తట్టాను. సమ్మతికీ నమ్మకానికీ మధ్య గీత అంత నేర్పుగా గీసిన వాక్యం ఈ మధ్య నేను చదవలేదు.

ఆ వాక్యం చదివాక మీతో ప్రేమగానే ఒకటి చెప్పాలనిపించింది. "చెప్పానా, అంతే" అన్నాక పిల్లలు ఊరుకుంటే మీరు దాన్ని ఒప్పుదల అనుకుంటున్నారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు గానీ పూర్తి అంగీకారం అనలేదు. పని ఎంత ఉన్నా రోజుకు ఒక్క విషయానికైనా "ఎందుకు" అన్నదానికి జవాబు చెప్పండి, వాళ్ల కారణం బాగుంటే మీరూ "నాకు నచ్చింది" అనండి. డిబేట్ ప్రసంగాలు దయచేసి మీరు రాసి ఇవ్వకండి. పెద్దల వాక్యాలు మాకు మొదటి లైనులోనే తెలిసిపోతాయి, బట్టీ పట్టిన పిల్లలు ఎదురు ప్రశ్న రాగానే బిక్కమొహం వేస్తున్నారు. వెనక వరుసల్లోంచి సైగలు చేయడం కూడా మానేద్దాం.

బహుమతి మారదు. రెండో విడత డిబేట్ వచ్చే నెల రెండో శనివారం, ఉదయం పది గంటలకు. ఈసారి ప్రతి పిల్లా ముందు ఎదుటి పక్షం వాదనను తన మాటల్లో చెప్పి, అది సరిగ్గా ఉందని ఎదుటివారు అన్నాకే జవాబు మొదలుపెట్టాలి. చూడటానికి మీరంతా రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు