రాళ్ల మీద మొలిచిన పచ్చ జుట్టు

ఒరే తమ్ముడూ,

అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఫోటోలు చూశాను, రాళ్ల నిండా నాచు జుట్టులా పట్టేసింది. ఇంత దూరం నుంచి చెయ్యి పెట్టి పీకలేను కాబట్టి రాసి పంపుతున్నాను.

ముందు అదేమిటో తేల్చుకో. ఒక కుచ్చు పీకి, తెల్ల గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి అందులో వెయ్యి. మెత్తటి దారాల్లా విడిపోతే మామూలు హెయిర్ ఆల్గే, అంటే జుట్టు నాచు. ఒక్కో పోగుకి అటూ ఇటూ ఈకలా కొమ్మలుంటే బ్రయాప్సిస్ అనే ఇంకో రకం నాచు. దాన్ని నాచు తినే నత్తలు కూడా పెద్దగా ముట్టవు. ఎర్రటి తరకలా రేకులు రేకులుగా లేచొస్తే అది నాచే కాదు, సయనోబ్యాక్టీరియా. గోధుమరంగు చీమిడిలా బుడగలు పట్టుకుని, రాత్రికి తగ్గి లైట్లు వెలిగాక మళ్లీ కమ్మేస్తే డైనోలని (డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులని) అనుమానించాలి. నీది మొదటి రకంలాగే ఉంది. అయినా గిన్నె పరీక్ష మానకు.

నాచుకి ఎరువైన ఫాస్ఫేట్ సున్నా చూపిస్తుంటే నాచెందుకు పెరుగుతోందని అడిగావు. నాచు తినేస్తోంది కాబట్టే సున్నా! టెస్ట్ కిట్ చూపించేది నీళ్లలో మిగిలినదాన్నే, నాచు ఒంట్లో చేరినదాన్ని కాదు. పైగా ఆ రాళ్లు కాల్షియం కార్బొనేట్. ఫాస్ఫేట్ ఎక్కువున్నప్పుడు పట్టి దాచుకుంటాయి, నీళ్లలో తగ్గగానే కొంచెం కొంచెంగా వదులుతాయి. నీళ్లు మార్చాక దిగిన అంకె మళ్లీ ఎక్కడం అందుకే.

కాబట్టి మొదటి పని చేత్తో పీకడమే. పీకిన ప్రతి కుచ్చూ బయటికి పోయిన ఫాస్ఫేట్ మూట. పంపులు ఆపు. గట్టి టూత్‌బ్రష్‌ని సన్న గొట్టానికి రబ్బరు బ్యాండుతో కట్టు. బ్రష్ కుచ్చు గొట్టం మూతి పక్కనే ఉండాలి. అప్పుడు గీకింది గీకినట్టే బకెట్లోకి పోతుంది. లేదంటే ముక్కలు తేలిపోయి ఇంకో రాయిని పట్టుకుంటాయి. ఇలా వారానికోసారి 10 నుంచి 15 శాతం నీళ్లతో పాటు లాగెయ్యి. కొత్త నీళ్ల సాంద్రత 1.025–1.026 ఉండాలి, వేడీ ఆల్కలినిటీ ట్యాంకుతో సరిపోవాలి.

బయటికి తీయగల రాళ్లని ఆ పాత నీళ్ల బకెట్లోనే రుద్దు. మిగిలిన మొదళ్ల మీద, కోరల్స్‌కి (పగడాలకి) తగలకుండా, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి రెండు మూడు నిమిషాలాగు. వేరే ఉప్పునీళ్లలో కడిగి లోపల పెట్టు. కొద్ది రోజుల్లో అక్కడ తెల్లబడుతుంది. పెరాక్సైడ్ ట్యాంకులో మాత్రం పొయ్యకు, క్లీనర్ రొయ్యలు తట్టుకోలేవు.

నత్తలు ఆ తర్వాతే. బారెడు నాచుని అవి తినవు, కురచగా ఉన్నదాన్నే గీకుతాయి. వాటిలో టర్బో రకం కన్నా ట్రోకస్ రకమే నయం, బోర్లాపడితే తమంతట తాము లేస్తాయి. లేవలేని టర్బో అక్కడే చచ్చి మళ్లీ ఎరువవుతుంది. సీ అర్చిన్ (ముళ్ల బంతిలాంటి సముద్రజీవి) బాగా మేస్తుంది కానీ, సరిగ్గా అతికించని కోరల్ ముక్కల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంది.

జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వాడితే డబ్బా మీద రాసినదాంట్లో సగంతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి కొలువు. ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎమ్, నైట్రేట్ 2–10 మధ్య ఉంటే చాలు. ఒక్కసారిగా దించితే కోరల్స్ పాలిపోతాయి. రెండూ సున్నాకి దిగితే డైనోలకి దారి ఇచ్చినట్టే, జుట్టు వదిలి చీమిడి పట్టుకున్నట్టు!

ఆవిరైనదానికి బదులు పోసే టాప్ అప్ నీళ్ల టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా ఉండాలి. 1 కనిపించినా నీళ్ల ఫిల్టరులోని డీఐ రెజిన్ (మిగిలిన లవణాలు పట్టే గుళికలు) మార్చెయ్యి. ఫ్రోజెన్ మేత కరిగాక వలలో వడకట్టి వెయ్యి. ఫిల్టర్ సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి) మూడు రోజులకోసారి మార్చు, అందులో చిక్కిన మురికి ఇంకా నీళ్లలో ఉన్నట్టే లెక్క. లైట్లు ఎనిమిది గంటలు చాలు, వాటిలో తెల్ల వెలుగు తగ్గించు.

రాళ్లు దాచుకున్నది ఖాళీ అవడానికి వారాలు కాదు, నెలలే పట్టొచ్చు. మధ్యలో విసిగిపోయి మందు సీసాలు కొనకు.

గిన్నె ఫోటో తెల్ల లైటు కింద తీసి పంపు. నీలం లైటులో ఏ రకమో పోల్చుకోలేను.

ఇట్లు,
అక్క