కుందేటి కొమ్ముల మొక్క సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పేజీల్లో ఆకలిని చంపే ఎడారి మొక్క అని హూడియా మీద రాశారు, బాగానే ఉంది గానీ సగమే రాశారండి. తింటే ఆకలెయ్యదు, బరువు తగ్గుతారు అన్నంత వరకు ఫోన్ తెరిస్తే వచ్చే యాడ్స్‌లో కూడా ఉంటుంది, ఆ మొక్క గుణం ముందు కనిపెట్టినోళ్లకి ఏం దక్కిందో మాత్రం ఎవరూ రాయరు.

ఆఫ్రికా దక్షిణాన కలహారి ఎడారిలో శాన్ అనే ఆదివాసీ జనం వేటకి పోయి రోజుల తరబడి తిరిగేటప్పుడు ఆ ముళ్ల కాడ కోసుకుని నమిలేవాళ్లు, ఆకలీ దప్పికా ఆగుతాయని. సౌతాఫ్రికా సర్కారు రీసెర్చ్ సంస్థ సీఎస్ఐఆర్ 1960ల్లోనే దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లి, అందులో ఆకలి ఆపే సారాన్ని 1990ల్లో పీ57 అని పేటెంట్ చేయించి ఫైటోఫార్మ్ అనే బ్రిటిష్ కంపెనీకి ఇచ్చింది, వాళ్లు ఫైజర్‌కి ఇచ్చారు, ఇన్ని చేతులు మారినా శాన్ వాళ్లని ఒక్క మాట అడిగినోడు లేడు. 2001లో విషయం పేపర్లకెక్కితే, ఆ జనం ఎప్పుడో అంతరించిపోయారనుకున్నాం అని ఫైటోఫార్మ్ పెద్దాయన చెప్పుకొచ్చాడు! అక్కడ లక్ష మంది దాకా బతికే ఉన్నారు. గొడవయ్యాకే 2003లో సీఎస్ఐఆర్ తనకొచ్చే రాయల్టీలో 6 శాతం శాన్ వాళ్లకి ఇస్తామని ఒప్పందం రాసుకుంది. అదే ఏడాది ఫైజర్ తప్పుకుంది, తర్వాత ఎత్తుకున్న యూనిలీవర్ 2008లో వదిలేసింది, సరుకే బజారుకి రాకపోతే ఇంక దేంట్లో 6 శాతం? 2011లో అచ్చయిన ట్రయల్‌లో అయితే తిండి తగ్గలేదు సరికదా వికారం, వాంతులు, బీపీ పెరగడం కనబడ్డాయి. అయినా ఆన్‌లైన్లో డబ్బాలు అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే దాని చుట్టం మా అనంతపురం గుట్టల మీదే ఉంది. కుందేటి కొమ్ములు. నాలుగు పలకల పచ్చటి కాడలు, ఆకులుండవు, రాళ్ల సందుల్లో, ముళ్లపొదల కింద వెతికితే గానీ కనబడవు. గొర్లు కాసేవాళ్లు అంచులు గీకేసి ఉప్పద్దుకుని పచ్చివే నమిలేస్తారు, ఇంట్లో అయితే పచ్చడి చేస్తారు, కాస్త చేదుగా ఉంటుంది గానీ సంగటిలోకి భలే ఉంటుంది. దీన్నే కారల్లుమా అని ఇప్పుడు క్యాప్సూల్స్ చేసి దేశవిదేశాల్లో అమ్ముతున్నారు. బెంగళూరులో 50 మంది మీద 60 రోజులు చేసిన స్టడీ 2007లో వచ్చింది, అందులో నడుం చుట్టుకొలత, ఆకలి కాస్త తగ్గాయన్నారు, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. డబ్బా మీద ఆ రెండో ముక్క ఎందుకు వేస్తారు లెండి.

మనకి 2002 నుంచే జీవవైవిధ్య చట్టం ఉంది, ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊళ్లో ఏ మొక్క ఉంది, దాన్ని ఎవరు దేనికి వాడతారు అన్నది రిజిస్టర్‌లో రాయాలి. మా పంచాయతీలో అడిగితే ఏ రిజిస్టర్ అని నన్నే ఎదురడిగారు. పైగా 2023 సవరణలో ఆయుష్ వాళ్లకి, అంటే ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యం చేసేవాళ్లకి, గ్రంథాల్లో ఉన్న విద్యకి ఊరి జనానికి లాభంలో వాటా కట్టక్కర్లేదని మినహాయింపులిచ్చారు. గొర్లకాపరి నోటిమాటగా ఉన్నది ఏ గ్రంథంలో ఉంటుందండి, అందుకే అది ఆ రిజిస్టర్‌కైనా ఎక్కాలి, రేపు ఎవడైనా వచ్చి ఇది ఎవరిదీ కాదంటే చూపించడానికి ఒక కాయితం ఉండాలి.

మీ విలేకరులు మండలాల్లో ఎలాగూ తిరుగుతుంటారు కదా, ఏ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉంది, అందులో కుందేటి కొమ్ములు రాశారా లేదా అని కనుక్కుని జిల్లా ఎడిషన్‌లో వెయ్యండి. హూడియాకి ఇచ్చినంత జాగా ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా