బుడ్డోడి వణుకు

కావలి

ఒరే సుబ్బూ,

ఫోన్ ఎత్తలేదని తిట్టుకుని ఉంటావు. వారం రోజులుగా నెల్లూరులో ఆసుపత్రి వరండానే నాకు ఇల్లయిపోయింది. చెల్లెలికి బాబు పుట్టాడు! నెలలు నిండిన కాన్పే. మూడు కిలోల ఎనిమిది వందలు, బొద్దుగా ఉన్నాడు.

రెండో రోజు పొద్దున వాడి చేతులు, గడ్డం వణకడం మొదలైంది. చలేమోనని అమ్మ రెండు దుప్పట్లు చుట్టింది. నెల్లూరులో, మే నెలలో! పెద్దమ్మేమో గాలి సోకిందని తాయెత్తు కోసం మనిషిని పంపబోయింది. నర్సమ్మ వచ్చి వణికే చేతిని మెల్లగా పట్టుకుంటే ఆగిపోయింది. "ఫిట్స్ అయితే పట్టుకున్నా ఆగదు" అంది. రక్తం తీసి చూస్తే షుగర్ బాగానే ఉంది, కాల్షియం మాత్రం 6.6. నెలలు నిండిన బిడ్డకి 8కి తగ్గకూడదట.

కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ గుండా తల్లి కాల్షియం అందుతూనే ఉంటుంది, చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువ. బొడ్డుతాడు కోయగానే అది బంద్. ఇక రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసే పారాథైరాయిడ్ గ్రంథులు, బిడ్డ మెడలో ఉండేవి, అవే మేలుకుని పని అందుకోవాలి. ఆలోగా ఏ బిడ్డకైనా కాస్త తగ్గుతుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. తల్లికి షుగర్ ఉంటే బిడ్డకి మెగ్నీషియం తగ్గి ఆ గ్రంథులు ఇంకా బద్ధకిస్తాయట. మన చెల్లెలి సంగతి తెలుసుగా, "అన్నం తగ్గించమన్నారు గానీ మలై కాజా వద్దనలేదు" అంటూ బావని బజారుకి తరిమేది.

కాల్షియం ఎక్కించడం చూశాక నాకు కాళ్లాడలేదురా. గుండె మానిటర్ మీదే కళ్లు పెట్టి, చాలా నెమ్మదిగా ఎక్కించారు. తొందరపడితే గుండె వేగం పడిపోతుందట, మందు నరం పక్కకి కారితే చర్మం కాలినట్టయిపోతుందట. బావ ఆ తెర వైపు చూడలేక గోడమీది టీకాల పట్టిక మూడుసార్లు చదివాడు. మర్నాడు 8.9 వచ్చింది.

ఇంతలో పెద్దమ్మ మళ్లీ, "ఆవుపాలు పట్టండి, కాల్షియమేగా!" అంది. వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువట, పసిబిడ్డ రక్తంలో కాల్షియాన్ని ఇంకా దించేస్తుందట. తల్లిపాలు, రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు, అంతే అన్నారు.

మీ ఆవిడకీ ఏడో నెలలో షుగర్ వచ్చిందన్నావుగా. ఆ మాట పిల్లల డాక్టరుకి నువ్వే ముందుగా చెప్పు. కాన్పు చేసే డాక్టరమ్మకి తెలుసుగా అని మేం ఊరుకున్నాం, రిపోర్టులేమో కావలి బీరువాలో ఉండిపోయాయి.

21వ రోజున ఉయ్యాల, నువ్వు రావాలి. కాజాలు మాత్రం తేవొద్దు, గుమ్మంలోనే లాగేసుకుంటుంది.

నీ
శీను