బ్రిడ్జి కోర్సు ఒకటో తరగతి గదిలో జరగాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

బీఈడీ అర్హతతో ఎస్‌జీటీలుగా (ఒకటి నుంచి ఐదు తరగతులకు బోధించే సెకండరీ గ్రేడ్ టీచర్లుగా) చేరిన ఉపాధ్యాయులు చేయాల్సిన ఆరు నెలల బ్రిడ్జి కోర్సు గురించి ఈ లేఖ రాస్తున్నాం. స్టాఫ్ రూముల్లోనైనా, సంఘాల సమావేశాల్లోనైనా ఈ కోర్సు మాటెత్తితే చర్చంతా ఉద్యోగం నిలుస్తుందా, ఊడుతుందా అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. ఆ భయం న్యాయమైనదే. కానీ ఈ కోర్సు పెట్టింది ఒకటి నుంచి ఐదు తరగతులు చదివే పిల్లల కోసం. వాళ్లకు దీనివల్ల ఏం ఒరుగుతుందన్న ప్రశ్న ఎక్కడా వినబడటం లేదు.

నేపథ్యం మీకు తెలిసిందే అయినా, పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాం. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. డిగ్రీలో 50 శాతం మార్కులతో బీఈడీ చేసినవారు ప్రాథమిక తరగతులకూ అర్హులేనని, అయితే నియామకమైన రెండేళ్లలోపు ప్రాథమిక విద్యలో ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేసి తీరాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో 2018 డీఎస్సీ ఆ ప్రకారమే బీఈడీ వారికి ఎస్‌జీటీ పోస్టుల తలుపు తెరిచింది. ఉద్యోగాలు వచ్చాయి, కోర్సు చేసే దారి మాత్రం ఆ రెండేళ్లలో దొరకలేదు. 2021 నవంబర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2024 ఏప్రిల్ 8న ఇచ్చిన స్పష్టతలో, 2023 ఆగస్టు 11కు ముందే నియమితులైనవారి ఉద్యోగాలను షరతులతో కాపాడి, బ్రిడ్జి కోర్సును తప్పనిసరి చేసింది. గడువులోపు పూర్తి చేయకపోతే నియామకం చెల్లదు. దూరవిద్య పద్ధతిలో కోర్సు నడిపే బాధ్యతను ఎన్‌సీటీఈ 2025లో జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌కు అప్పగించింది.

సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ ఢిల్లీ చేతిలో ఉన్నాయి. కానీ ఈ టీచర్లు ఏ బడిలో, ఎవరి దగ్గర, ఎన్ని రోజులు పని నేర్చుకోవాలన్నది మీ చేతిలో ఉంది. మా విన్నపమంతా ఆ రెండో భాగం గురించే.

బీఈడీ తక్కువ చదువని మేం అనడం లేదు. అది వేరే పనికి తయారుచేసే చదువు. పిల్లలకు చదవడం, రాయడం వచ్చేసిందన్న నమ్మకం మీద బీఈడీ మొదలవుతుంది. రెండు మెథడాలజీలు (సబ్జెక్టుల బోధన పద్ధతులు), ఒక్కో పీరియడ్‌కు ఒక పాఠ్యపథకం, ఎదురుగా ఒకే తరగతి. ఒకటో తరగతిలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. అక్కడ టీచరు చేయాల్సిన పనే చదవడం నేర్పడం.

ఆ పని ఎంత సూక్ష్మమైనదో ఒక ఉదాహరణ చెబుతాం. ‘వ’ నేర్చుకున్న పిల్లవాడు ‘కు, గు, డు’ మాదిరిగానే దానికీ కుడిపక్కన కొమ్మిస్తాడు. అది ‘మ’ అయి కూర్చుంటుంది. అందుకే ‘వు’లో, ‘పు’లో కొమ్ము కిందికి దిగుతుంది. ఈ సంగతి ముందే చెప్పని టీచరు ‘ఆవు’ను ‘ఆమ’గా రాసిన పిల్లవాణ్ణి తప్పు రాశావంటారు. నిజానికి వాడు నేర్పిన సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు.

ఒత్తుల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. ‘గ్గ, డ్డ, ద్ద, ప్ప’లలో ఒత్తు అంటే తలకట్టు తీసేసి కింద రాసిన అదే అక్షరం. పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలనే పోలవు. పిల్లలు రోజూ పలికే అమ్మ, నాన్న, అన్న, అయ్య, పిల్లి, కర్ర అన్నీ ఈ రెండో రకం ఒత్తులతోనే ఉంటాయి. అంటే నోటికి అతి దగ్గరి మాటలే కంటికి అతి కష్టమైనవి. పాఠంలో అమ్మ బొమ్మ చూసి ‘అమ్మ’ అన్న పిల్లవాడికి ఒత్తు వచ్చేసిందనుకుని టీచరు ముందుకు వెళ్లిపోతారు. బొమ్మ మూసి ‘చెమ్మ’, ‘కమ్మ’, ‘దిమ్మ’ రాసి చదవమంటే అసలు సంగతి తెలుస్తుంది. ‘చెమమ’ అని చదివితే ఒత్తు రాలేదన్నమాట. అప్పుడు మాటను చప్పట్లతో ‘చెమ్–మ’ అని విడగొట్టి చెవికి ఎక్కించాలి, తర్వాతే పలక పట్టించాలి. ద్విత్వాలు స్థిరపడ్డాక సంయుక్తాలకు వెళ్లాలి. వాటిలోనూ ర ఒత్తును కాస్త ఆపాలి. అది అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి పిల్లలు దాన్నే ముందు చదివి ‘చక్రం’ను ‘చర్కం’ చేస్తారు.

చదివే వేగాన్ని కొలవడం కూడా నేర్పాల్సిన విద్యే. 2021లో మొదలైన కేంద్ర పునాది అక్షరాస్యత కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్న లక్ష్యం పెట్టింది. తెలుగులో ‘వెళ్లిపోతున్నాడు’ ఒకే పదం. అదే భావం హిందీలో మూడు నాలుగు పదాలవుతుంది. 2022లో జరిగిన పునాది అభ్యసన అధ్యయనంలో పఠన ప్రమాణాలను భాషలవారీగా వేరువేరుగా నిర్ణయించింది ఈ కారణంగానే. ఇది తెలియకుండా గడియారం పెట్టుకుని కూర్చుంటే మంచిగా చదివే తెలుగు పిల్లలు కూడా వెనకబడినవాళ్లలా కనిపిస్తారు.

లెక్కల్లోనూ ఇలాంటివే. ‘నూట అయిదు’ రాయమంటే 100 వేసి పక్కన 5 పెట్టి 1005 చేస్తారు. 52లోంచి 27 తీసేయమంటే 35 వేస్తారు, ఏడులోంచి రెండు తీయడం తేలిక కనుక. సరైన జవాబు పది సార్లు రాయించినా ఇది పోదు. నలుగురైదుగురు పిల్లలకు ఒక వంద చీపురు పుల్లలు, పది రబ్బరు బ్యాండ్లు ఇచ్చి పదేసి పుల్లల కట్టలు కట్టించి, అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి ‘ఏడు పుల్లలు తీయండి’ అనాలి. విడిగా ఉన్నవి రెండే కనుక ఒక కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడాన్నే పక్కన పలక మీద అంకెల్లో రాయించాలి. కట్ట విప్పినప్పుడు పిల్లలకు అర్థమయ్యేది, ‘పక్కింటి నుంచి అప్పు’ అని నోటితో చెబితే అర్థం కాదు.

ఇక బహుళ తరగతి బోధన. ఏకోపాధ్యాయ పాఠశాలలో 18 మంది పిల్లలు, ఐదు తరగతులు అనుకుందాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు నుంచి ఐదు వరకు పరిసరాల విజ్ఞానంతో కలిపి నాలుగేసి. మొత్తం 18 పాఠాలు. ఒక్కోదానికి 40 నిమిషాలు వేస్తే రోజుకు 12 గంటలు కావాలి. బీఈడీలో నేర్చుకున్న పీరియడ్ పద్ధతి ఇక్కడ మొదటి రోజే చేతులెత్తేస్తుంది. అప్పుడు జరిగేదేమిటంటే, టీచరు ఐదో తరగతికి పాఠం చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు దిద్దుతూనే ఉంటారు, ఏడాది పొడవునా.

దీనికి అనుభవజ్ఞులైన ఎస్‌జీటీలు ఎప్పటినుంచో చేస్తున్న ఏర్పాటు ఉంది. తెలుగుకు 90 నిమిషాలు ఒకే ముక్కగా తీసుకుంటారు. మొదటి 15 నిమిషాలు అందరికీ కలిపి కథో పాటో. తర్వాత 25 నిమిషాలు మూడు, నాలుగు, ఐదు తరగతులు సొంతంగా చదివి రాసే పనిలో ఉంటే టీచరు చిన్నవాళ్లతో నేల మీద కూర్చుంటారు. ఆ తర్వాత 35 నిమిషాలు చిన్నవాళ్లు అక్షరాల కార్డులతో పదాలు పేర్చుకుంటుంటే టీచరు పెద్దవాళ్ల దగ్గరకు వెళతారు. చివరి 15 నిమిషాలు చేసిన పని చూసి దిద్దడానికి. చిన్నవాళ్ల పనికి సామగ్రి ముందురోజే సిద్ధంగా లేకపోతే ఇది పది నిమిషాల్లో గోలగా మారుతుంది. అందుకే దీన్ని వీడియోలో చూపించి వదిలేస్తే రాదు. పక్కన కూర్చుని చూడాలి, చేయాలి, చేస్తున్నప్పుడు ఎవరైనా చూసి చెప్పాలి.

కాబట్టి మంత్రి గారూ, కోర్సులో ఉన్న ప్రతి టీచరుకూ 20 బడి రోజులు ఇలా కేటాయించండి. పది రోజులు జిల్లాలో బాగా నడుస్తున్న ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల ఎస్‌జీటీ పక్కన. మరో పది రోజులు సొంత తరగతిలో, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుడో ఆ ఎస్‌జీటీయో కనీసం మూడు సార్లు వచ్చి చూసేలా. ఇవి ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవుల్లో పడకూడదు, ఖాళీ గదిలో ఒత్తులు నేర్పడం సాధ్యం కాదు. ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు శిక్షణకు వెళితే బడికి తాళం పడుతుంది. ఆ రోజులకు సీఆర్‌ఎంటీని (క్లస్టర్‌లో అవసరమైన బడికి పంపే టీచర్‌ను) పంపుతామన్న ఉత్తర్వు పేరుపేరునా ముందే ఉండాలి. డైట్‌లలో ఖాళీలు ఎప్పటినుంచో ఉన్నాయి కనుక, డిప్యుటేషన్‌పై మంచి ఎస్‌జీటీలను మెంటార్లుగా తీసుకోండి. ఈ విషయంలో డిగ్రీల కన్నా ఒకటో తరగతి అనుభవానికి విలువివ్వండి.

అసైన్‌మెంట్ల సంగతి దాచాల్సిన పని లేదు. ఒకరు రాసింది వాట్సాప్‌లో వందమందికి చేరడానికి రెండు నిమిషాలు చాలు. ‘పియాజే సిద్ధాంతాన్ని వివరించండి’ అని అడిగినంత కాలం అదే జరుగుతుంది. మీ తరగతిలో ఐదుగురు పిల్లలు చదివింది నాలుగు వారాల తేడాతో మూడు సార్లు నమోదు చేయండి, ఏ తప్పు పోయింది, ఏది మిగిలింది, మీరు ఏం మార్చారు అని అడిగితే ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు. ఎన్‌ఐఓఎస్‌తో మాట్లాడి ఇలాంటివి చేర్పించండి. వాళ్లు ఒప్పుకోకపోతే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) ద్వారా రాష్ట్ర అనుబంధంగా పెట్టండి. తెలుగు చదవడం నేర్పే పద్ధతి మీద ఒక చిన్న పుస్తకం తెలుగులో ఎలాగూ కావాలి, హిందీ మాత్రల (అచ్చుల గుర్తుల) నుంచి తర్జుమా చేసిన పాఠం మన గుణింతానికి పనికిరాదు. సీతంపేట, పాడేరు, రంపచోడవరం ప్రాంతాల టీచర్లకైతే సవర, కువి, కోయ మాట్లాడే పిల్లలను ఇంటి భాష నుంచి తెలుగులోకి ఎలా తీసుకురావాలన్న భాగం విడిగా ఉండాలి.

కాగితాల దగ్గర చెడే పనులు కొన్ని ఉన్నాయి. పదో తరగతి మెమో, ఆధార్, బీఈడీ మెమో, సర్వీసు రిజిస్టర్ల మధ్య ఇంటిపేరు, అక్షరక్రమం తేడాలు ఉంటాయి, పెళ్లయిన మహిళా టీచర్లకు మరీ ఎక్కువ. బదిలీలు, బడుల పునర్వ్యవస్థీకరణ వల్ల కొందరి బడి యూడైస్ కోడ్ (ప్రభుత్వ రికార్డుల్లో బడి గుర్తింపు సంఖ్య) మారిపోయింది. దరఖాస్తు తిరిగొచ్చాక దిద్దుకోమనడం కాకుండా, మండల విద్యాధికారి (ఎంఈఓ) స్థాయిలో ముందే ఒక్కరోజు రికార్డుల శిబిరం పెడితే సరిపోతుంది. ఎస్‌జీటీగా చేరి తర్వాత స్కూల్ అసిస్టెంట్‌గా (పై తరగతుల సబ్జెక్టు టీచర్‌గా) పదోన్నతి పొందినవారికి కోర్సు అవసరమా కాదా అన్నది నోటిమాటగా తేల్చకండి, ఎన్‌సీటీఈ నుంచి రాతపూర్వకంగా తెప్పించి మెమో ఇవ్వండి. గిరిజన సంక్షేమ, పురపాలక పాఠశాలల టీచర్లు మీ శాఖ జాబితాలో జారిపోకుండా చూడండి. ప్రసూతి సెలవులో ఉన్నవారికి, పెద్ద జబ్బు చేసినవారికి, ఒక పేపరు తప్పినవారికి గడువులోపే మరో పరీక్ష జరిగేలా ఇప్పుడే అడగండి. గడువు దాటాక ఏ వినతిపత్రమూ పనిచేయదు.

సర్టిఫికెట్ విషయంలో పాత అనుభవం ఒకటి గుర్తుచేయాలి. 2017–19 మధ్య శిక్షణ లేని టీచర్ల కోసం ఎన్‌ఐఓఎస్ 18 నెలల డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా) నడిపింది. అది రెండేళ్ల డిప్లొమాతో సమానమా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమానం కాదని 2023 నవంబర్‌లో కోర్టు చెప్పింది, ఎవరికి చెల్లుతుందో తర్వాత వేరే ఉత్తర్వుల్లో స్పష్టం చేయాల్సి వచ్చింది. ఆ మధ్యకాలంలో నలిగింది టీచర్లు. ఈ బ్రిడ్జి కోర్సు ఇప్పుడున్న ఉద్యోగానికి రక్ష మాత్రమేనా, ఇంక్రిమెంటుకో పదోన్నతికో పనికొస్తుందా, కొత్త నోటిఫికేషన్లలో అర్హత అవుతుందా అన్నవి మొదటి పరీక్షకు ముందే ఒక జీవోలో రాసి పెట్టండి. పాసైన వెంటనే సర్వీసు రిజిస్టర్‌లో నమోదు చేయించే బాధ్యత జీతాల బిల్లులు చేసే అధికారి (డీడీఓ)పై పెట్టండి.

వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలోపు డైట్ ప్రిన్సిపాళ్లతో ఒక రోజు కూర్చోండి. ఆ సమావేశానికి ప్రతి జిల్లా నుంచీ కనీసం అయిదేళ్లుగా ఒకటో తరగతి చెబుతున్న ఇద్దరు ఎస్‌జీటీలను కూడా పిలవండి. 20 రోజుల ప్రణాళికను వాళ్ల చేతే రాయించండి.

ఇట్లు,
ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్న కొందరు అధ్యాపకులు, ఉపాధ్యాయులు