కొత్తపట్నం తీరంలో నీ కారవాన్‌కు కావలసిన కరెంటు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరి నాలుగు రోజులైంది. పోయిన జనవరిలో అబ్బాయి, కోడలితో కలిసి అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్ ఎడారిలో, కరెంటు తీగా నీటి కుళాయీ లేనిచోట, ఆర్వీలో, అంటే మంచాలూ వంటగదీ ఉన్న ఇల్లులాంటి బండిలో, వారం రోజులు గడిపిన ముచ్చట్లు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఒంగోలులో పాత ట్రావెలర్ బండి కొని, లోపల మంచాలు, వంటగట్టు కట్టిస్తున్నావనీ, సంక్రాంతి దాటగానే నాన్నగారినీ చెల్లెమ్మనూ తీసుకొని కొత్తపట్నం సముద్రం ఒడ్డున మూడు రాత్రులు ఉండాలనుకుంటున్నావనీ తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. చివర "ఎన్ని కేవీఏ జనరేటర్ కొనమంటావు?" అని అడిగావు. దానికి ఒక్క అంకెతో జవాబు రాసి ఊరుకోలేక ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఇరవై ఏళ్లకు పైగా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద జనరేటర్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కేవీఏతో, అంటే యంత్రం ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలతతో, మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది కావలసినదానికి రెండు మూడింతలు పెద్ద యంత్రం కొంటారు. రొయ్యల రైతుకు అది కొంతవరకు తప్పదు. అర్ధరాత్రి ఏరేటర్లు ఆగిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గి తెల్లవారేసరికి గుంటంతా చచ్చి తేలుతుంది గనుక అతడు పెద్దదే పెట్టుకుంటాడు, ఆ మోతనూ భరిస్తాడు. సముద్రపు గాలి కోసం ఒడ్డున పడుకునేవాడికి ఆ అవసరం లేదు.

పోయిన మాఘమాసంలో జరిగినది నీకు ఇంతవరకు చెప్పలేదు. మా బంధువొకాయన కారవాన్ అద్దెకు తెస్తే, మైపాడు దగ్గర ఒక పట్టపుపాలేనికి, అంటే జాలర్ల పల్లెకు, దక్షిణంగా, సుమారు వంద మీటర్ల దూరంలో నిలిపాము. పైన ఏసీ ఉంది. దానికోసం పెళ్లిపందిళ్లకు అద్దెకిచ్చే 5 కేవీఏ పెట్రోలు జనరేటర్‌ను, చుట్టూ పెట్టె కూడా లేనిదాన్ని, నేనే స్వయంగా తెచ్చి బండి వెనుక దించాను. తలుపులు మూసి, ఏసీ వేసుకొని పడుకుంటే లోపల ఏదో దూరంగా ఈగ ముసిరినట్టు తప్ప మరేమీ వినిపించలేదు. పదకొండు దాటాక ఎవరో తలుపు తట్టారు. ఒక ముసలమ్మ, చంకలో మనుమరాలు. "నాయనా, మావోళ్లు మూడింటికే వేటకి పోవాల. ఈ బిడ్డ పడుకోవడంలా. ఆ మిషన్ కాసేపన్నా ఆపుతావా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది. ఆపి వచ్చి ఇసుకలో కూర్చున్నాక అలల చప్పుడు వినిపించింది. సాయంత్రం నుంచీ సముద్రం పక్కనే ఉండి ఆ చప్పుడు వినలేదని అప్పుడే తెలిసింది. జనరేటర్ నడిపేవాడికి దాని మోత అందరికన్నా తక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే అతడు తలుపులు మూసిన గదిలో ఉంటాడు.

మరునాడు లెక్క వేసుకున్నాను. అటువంటి తెరిచిన జనరేటర్ 7 మీటర్ల దూరంలో 70 డెసిబెల్స్ వినిపిస్తుందనుకో. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 14 మీటర్ల దగ్గర 64, 28 దగ్గర 58, 56 దగ్గర 52, 112 మీటర్ల దగ్గర 46. మన దేశపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం, 2000లో వచ్చినవి, ఇళ్లున్న ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. వంద మీటర్ల అవతలి గుడిసెలో కూడా ఆ హద్దు దాటాము. పైగా రాత్రిపూట నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి నిలిచినప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి ఇంకా దూరం పాకుతుంది. పగలు ఎవరికీ పట్టని యంత్రం రాత్రి ఊరంతటికీ వినిపించడానికి ఒక కారణం అదే.

నువ్వు అమెరికాలో చూసిన చిన్న ఎర్ర జనరేటర్, హోండా ఈయూ2200ఐ, 7 మీటర్ల దగ్గర అది మోసే కరెంటు బరువును, అంటే లోడును, బట్టి 48 నుంచి 57 డెసిబెల్స్ మాత్రమే ఇస్తుంది. అక్కడి జాతీయ పార్కుల్లో 50 అడుగుల దూరాన 60 డెసిబెల్స్ దాటకూడదనే నియమం ఉంది, ఆ యంత్రం దానికి సులువుగా లోబడుతుంది. అది మామూలు జనరేటర్ కాదు, ఇన్వర్టర్ జనరేటర్. మన పందిళ్ల యంత్రం 50 హెర్ట్జ్ కరెంటు, అంటే సెకనుకు యాభై సార్లు ఊగే కరెంటు, ఇవ్వాలంటే ఒక్క బల్బు వెలిగినా, పది వెలిగినా నిమిషానికి 3,000 చుట్లు తిరగవలసిందే. ఇన్వర్టర్ రకం ముందు తన కరెంటును ఏకముఖంగా మార్చి, మళ్లీ కొత్తగా అల్లుతుంది కనుక ఇంజను వేగంతో హెర్ట్జ్‌కు సంబంధం ఉండదు, బరువు తక్కువైతే ఇంజను నెమ్మదిస్తుంది. మోతలో తేడా అంతా అక్కడే ఉంది.

అయితే అబ్బాయి వచ్చేటప్పుడు దాన్నే తెమ్మంటానన్నావు, ఆ ఆలోచన మానుకో. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇచ్చే యంత్రం. మన ఇంటి సామాను 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు చేసినది. ఒకసారి పెట్రోలు పోసిన ఇంజనును విమానంలోనూ ఎక్కించుకోరు. ఇంకొకటి కూడా గమనించు. అక్కడి ఆర్వీల్లో చాలావాటిలో ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాసుతో నడుస్తుంది, కరెంటు దాదాపు తీసుకోదు. నీ బండిలో ఫ్రిజ్ కరెంటుదే. కాబట్టి "అక్కడ రెండు బ్యాటరీలతో సరిపోయింది" అన్న మాట ఇక్కడికి అన్వయించదు.

కరెంటు లెక్కలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, వాటిని కలిపేసుకోవడం వల్లనే పొరపాట్లన్నీ వస్తాయి. చెరువులో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒకటి, తూములో ఒకేసారి ఎన్ని నీళ్లు పారగలవన్నది మరొకటి. మొదటిది వాట్-అవర్లు, రెండవది వాట్లు. 1,500 వాట్ల కెటిల్ అయిదు నిమిషాలు కాగితే చెరువులో తరిగేది 125 వాట్-అవర్లే, కాని తూము మాత్రం 1,500 వాట్లకు తెరిచి ఉండాలి. మోటారున్న వస్తువు మొదలయ్యే ఆ ఒక్క క్షణం మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. పాతరకం ఒక టన్ను ఏసీ నడిచేటప్పుడు సుమారు 1,200 వాట్లే, కాని కంప్రెసర్ లేచే క్షణంలో దానికి మూడు నాలుగింతలు అడుగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం 5 కేవీఏ కొని, తర్వాత రాత్రంతా దాన్ని నాలుగో వంతు బరువుతో తిప్పుతారు. గుంటల మీద ఒక్క ఏరేటర్ కోసం పెద్ద డీజిల్ జనరేటర్‌ను నెలల తరబడి తిప్పితే, ఇంజను సరిగా వేడెక్కక సైలెన్సర్ నిండా మసి, నూనె జిగురు పేరుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. తక్కువ బరువు మోసే ఇంజను సుఖపడదు, పాడవుతుంది.

నువ్వు రాసిన సామాను పట్టీ ముందు పెట్టుకొని నీ చెరువు కొలిచాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. అవి రెండు పది గంటలు తిరిగితే 600 వాట్-అవర్లు. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్‌కు రోజుకు మరో 600. దీపాలకు వంద, ఫోన్లకు వంద. నాన్నగారు నిద్రలో పెట్టుకునే శ్వాస యంత్రానికి, గాలికి తేమ కలిపే పెట్టెను ఆపి ఉంచితే, 40 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 320. చెల్లెమ్మ పచ్చడి కోసం 500 వాట్ల మిక్సీ పది నిమిషాలు నడిస్తే 85. నీళ్ల పంపు లెక్కలోకి రానంత కొంచెం. మొత్తం 1,800 దాకా వస్తుంది, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌లో పోయే పది పదిహేను శాతం నష్టం కలిపి 2,000 అనుకుందాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, వీలైతే నాన్నగారి యంత్రం కూడా, బ్యాటరీ నుంచి నేరుగా నడిచేలా వైరింగ్ చేయిస్తే ఆ నష్టమూ చాలావరకు తప్పుతుంది.

దీనికి 200 ఆంపియర్-అవర్ల 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి చాలు. అందులో 2,560 వాట్-అవర్లుంటాయి, పదో వంతు అడుగున వదిలినా 2,300 వాడుకోవచ్చు. చవకగా దొరుకుతాయని మామూలు లెడ్ బ్యాటరీలు కొంటే సగానికి మించి వాడకూడదు, వాడితే తొందరగా చస్తాయి. అంటే అంతే కరెంటుకు దాదాపు రెట్టింపు బ్యాటరీలు, ఎన్నో రెట్ల బరువు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. లెడ్ బ్యాటరీ 80 శాతం నిండాక మిగతా ఇరవై శాతానికి గంటలు గంటలు తీసుకుంటుంది. ఆ చివరి చుక్కల కోసం జనరేటర్‌ను తిప్పడమంటే పెట్రోలు కాల్చి మోత కొనుక్కోవడమే. ఆ పని సోలార్‌కు వదిలేయాలి.

నీ బండి పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు పెట్టిస్తే, మన జనవరి ఫిబ్రవరి ఎండకు రోజుకు 1,600 వాట్-అవర్లు ధైర్యంగా ఆశించవచ్చు. పలక వేడెక్కేకొద్దీ ఇచ్చేది తగ్గుతుంది కనుక పైకప్పుకు అంటించకుండా గాలి ఆడేలా నాలుగు వేళ్ల ఎత్తులో బిగించమను. దూరప్రయాణమైతే బండి ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి, ఆ కరెంటును ఈ బ్యాటరీకి తగినట్టు మార్చే డీసీ-డీసీ చార్జర్ 30 ఆంపియర్లు ఇచ్చినా రెండు గంటల్లో మరో 800 చేరుతుంది. ఒంగోలు నుంచి కొత్తపట్నానికి అరగంట ప్రయాణమే కనుక అక్కడ దానివల్ల లాభం కొంచెమే, అందువల్ల ఇంటి దగ్గరే బ్యాటరీ పూర్తిగా నింపుకొని బయలుదేరు. నిండు బ్యాటరీతో వెళ్లి, రోజుకు 2,000 వాడుతూ 1,600 తిరిగి పొందితే, మూడు రాత్రులు జనరేటర్ ముట్టుకోకుండానే గడిచిపోతాయి.

మబ్బు పట్టిన రోజుకోసం ఒక జనరేటర్ ఉండాలంటావా, ఉండనీ. 1 కేవీఏ ఇన్వర్టర్ రకం చాలు. 40 ఆంపియర్ల చార్జర్‌కు 600 వాట్ల చిల్లర సరిపోతుంది. ఉదయం పది నుంచి పన్నెండు దాకా, వేటకు పోయినవాళ్లు తిరిగివచ్చి చేపలు దించుకునే సందడిలో నడిపితే సగం రోజు కరెంటు చేరుతుంది, ఎవరి నిద్రా చెడదు. దాన్ని బండి గోడకు ఆనించకు, రేకు గోడ శబ్దాన్ని అవతలి పక్కకు తిప్పికొడుతుంది. ఇసుకలో నేరుగా పెట్టకుండా పాత రబ్బరు మ్యాట్ మీద పెట్టు, అదురూ తగ్గుతుంది, ఇసుక లోపలికి పీల్చదు.

ఇక్కడ నేను చాలా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఏసీ వేసుకొని పడుకున్న ఇద్దరు అలాగే చనిపోయారు, జనరేటర్ పొగ లోపలికి చేరిందని తర్వాత తేలింది. మైపాడులో ఆ రాత్రి నేను జనరేటర్‌ను బండి వెనుక, తలుపుకు ఆరడుగుల దూరంలో పెట్టానని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ ముసలమ్మ తలుపు తట్టి మాకు చేసిన మేలు ఆమెకు తెలియదు. కనీసం ఇరవై అడుగుల దూరం ఉండాలి, పొగగొట్టం అవతలికి తిరిగి ఉండాలి, గాలి మన నుంచి దానివైపు వీస్తుండాలి. మన తీరంలో పగలు సముద్రం మీదినుంచి గాలి వీస్తుంది కనుక పగలు నడిపితే బండికి పడమట పెట్టాలి. పాలెం కూడా పడమటనే ఉంటే మరింత దూరంగా, పక్కకు జరపాలి. ఎవరైనా నిద్రపోతుండగా మాత్రం అసలే నడపవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి మోగే చిన్న అలారం దొరుకుతుంది, మంచం ఎత్తున ఒకటి బిగించు.

ఏసీ సంగతి ఇంతవరకు దాటేశానని నువ్వు గమనించే ఉంటావు. ఇన్వర్టర్ ఏసీ అయినా రాత్రి ఎనిమిది గంటలకు నాలుగైదు వేల వాట్-అవర్లు తింటుంది. పై లెక్కలోని మొత్తం చెరువుకు రెండింతలకు పైన. నీ పైకప్పు నిండా పలకలు పరిచినా దాన్ని ప్రతిరోజూ తీర్చడం కష్టం. అందుకని ఏసీ వద్దని నా అభిప్రాయం. ఒంగోలు రోహిణీ కార్తెలో ఫ్యాను గాలి వడగాలే అవుతుందని నాకూ తెలుసు. ఆ నెలల్లో బండిని ఇంటి దగ్గరే ఉంచి, పుష్య మాఘాల్లో తిరుగు, అప్పుడు కొత్తపట్నంలో రెండు కిటికీలు తెరిస్తే దుప్పటి కప్పుకోవలసి వస్తుంది. ఏసీకి పెట్టే డబ్బుతో పైకప్పుకూ గోడలకూ మందమైన ఇన్సులేషన్ వేయించి, పైన తెల్లరంగు కొట్టించు. ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ పొయ్యి ఇంట్లో వదిలేయి, వేడి పుట్టించే పనులన్నిటికీ గ్యాసు చాలు. రాత్రి బయటి దీపం కూడా ఆర్పేయి. పుష్య మాఘాల్లోనే సముద్రపు తాబేళ్లు మన ఒడ్డున గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒడ్డు మీది వెలుతురు వాటినీ వాటి పిల్లలనూ తికమక పెడుతుంది.

వైరింగ్ ఎవరికీ ఇంకా ఇవ్వవద్దు. వచ్చే ఆదివారం బండిని నెల్లూరు తీసుకురా, నా దగ్గర తీగను చుట్టి పట్టుకొని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంది, ఒక్కొక్క వస్తువూ నిజంగా ఎంత లాగుతుందో కొలుద్దాం. ఫ్రిజ్ వెనుక అతికించిన చీటీలోని అంకెలూ, నాన్నగారి యంత్రం అడాప్టర్ మీది వోల్టులూ ఆంపియర్లూ రాసుకొని రావడం మరచిపోవద్దు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, చెల్లెమ్మకు చేపల పులుసు సిద్ధంగా ఉంటుందని చెప్పు.

నీ మిత్రుడు