తక్‌పట్టీని గుర్తుపట్టని బీకాం

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరులో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు అకౌంటెన్సీ చెబుతున్నాను. ప్రథమ శ్రేణిలో బీకాం పూర్తిచేసిన నా విద్యార్థి ఒకడు ఈమధ్య మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాగా చేరాడు. వారం తిరగకుండానే ఇంటికొచ్చి నా ముందు ఒక తక్‌పట్టీ, అంటే కమీషన్ వ్యాపారి రైతుకిచ్చే అమ్మకం చీటీ, పెట్టాడు. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత తూకం, క్వింటా ధర ఎంత, కమీషను, హమాలీ పోగా రైతుకు దక్కేదెంత, అన్నీ అందులో ఉన్నాయి. "మాస్టారూ, దీన్ని పుస్తకాల్లో ఎలా ఎక్కించాలి?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. ఒకరి సరుకును మరొకరు కమీషన్‌కు అమ్మిపెట్టే కన్‌సైన్‌మెంట్ పాఠంలో, అమ్మినవారు సరుకు యజమానికి పంపే అకౌంట్ సేల్స్ అని మేము చెప్పేది దాదాపు ఈ కాగితమే. పరీక్షలో ఆ లెక్కకు అతను పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. కానీ మా లెక్కల్లో సరుకు ఎప్పుడూ ముంబయి నుంచి కోల్‌కతాకు పోతుంది. అదే లెక్క మిర్చి ఘాటుతో ఎదురొస్తే పోల్చుకోలేకపోయాడు.

ఆ పాఠానికి మేము రాసుకున్న లక్ష్యం: "విద్యార్థికి అవగాహన కలుగుతుంది." కలిగిందో లేదో ఎలా తెలుస్తుంది? తనిఖీ బృందం వచ్చే ముందు రాత్రిళ్లు కూర్చుని పట్టికలు నింపుతాం, అంతే. అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లోనే అభ్యసన లక్ష్యాలను మెట్లుగా అమర్చింది. 2001 సవరణలో ఆ మెట్లకు గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం అంటూ క్రియల పేర్లే పెట్టారు. మన ప్రశ్నపత్రాలు ఎక్కువగా మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతున్నాయి.

2024–25 నుంచి మేనేజ్‌మెంట్ డిగ్రీ బీబీఏ కూడా అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వచ్చింది. ఎలాగూ ప్రణాళికలు తిరగరాస్తున్నప్పుడే ఇదీ సరిచేయించండి. డిగ్రీ మొత్తానికి అయిదారు లక్ష్యాలు చాలు, కానీ అవి కంటికి కనిపించే పనులై ఉండాలి. బిల్లుల కట్ట చేతికిస్తే ఆ నెల జీఎస్టీ లెక్క తీయాలి. ఒక చిన్న వ్యాపారానికి అప్పు ఎందుకివ్వవచ్చో, ఎందుకు కూడదో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పగలగాలి. ఆఖరి సెమిస్టర్‌లో ఈ పనులు చేయించి, పాఠం చెప్పినవారు కాకుండా మరొకరు దిద్దాలి. సగం తరగతి తప్పితే మరుసటి ఏడాది మేము చెప్పే తీరు మార్చుకోవాలి. ఆ మాట అధ్యాపకుడిగా నాకు కష్టంగానే ఉంది, అయినా అడుగుతున్నాను.

పాఠ్యాంశాలు నిర్ణయించే బోర్డుల్లో యార్డు గుమస్తాకో, విజయవాడ వన్‌టౌన్ టోకు వర్తకుడికో ఒక కుర్చీ వేయించండి.

పేర్లు కొట్టేసి, ఆ తక్‌పట్టీ నకలు ఈ లేఖకు జతచేస్తున్నాను. సిలబస్ కమిటీ మొదటి సమావేశంలో దాన్ని బల్ల మీద పెట్టించగలరు.

భవదీయుడు,
ఒక కామర్స్ అధ్యాపకుడు, గుంటూరు