మీద గది వేసే ముందు పునాది తవ్వి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

హన్మకొండలో మా ఇల్లు 1986లో కట్టింది. 150 గజాల స్థలం, రెండు గదులు, వంటిల్లు, వెనక జామచెట్టు. పిల్లర్లు లేవు, భారమంతా తొమ్మిదించుల ఇటుక గోడల మీదే. కోడలికి నెలలు నిండుతున్నాయి, మా అత్తమ్మకు 84 ఏళ్లు. ఇంకో గది లేకపోతే గడవదు. మీద వేయాలా, వెనక పెంచాలా అని నాలుగు నెలలు తర్జనభర్జన పడ్డాం.

మా అబ్బాయి మీదే వేద్దామన్నాడు. చెట్టు పోదు, పెరడు పోదు, రేపు అద్దెకైనా ఇచ్చుకోవచ్చు. మేస్త్రీ గోడను అరచేత్తో చరిచి, "ఏం గాదమ్మా, ఇంకో రెండంతస్తులు మోస్తది" అన్నాడు. మా వీధిలో చాలామంది ఆ మాట మీదే కట్టేశారు. నాకు మాత్రం 2024 డిసెంబర్ 4 ఉదయం కళ్లముందే ఉంది. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఇక్కడ మా వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. అత్తమ్మను మంచం మీద నుంచి లేపి వాకిట్లోకి తెచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె మేడ మీద ఉంటే ఏం చేసేదాన్ని?

తెలిసిన విశ్రాంత ఇంజినీరు ఒకాయన్ను పిలిచాం. "గోడ కాదు మేడమ్, పునాది చూపించండి" అన్నారు. ఇంటి మూలన, మందారం పక్కన, మూడడుగుల గుంత తీయించారు. నేలపైన గోడకు సిమెంటు నున్నగా ఉంది. లోపల మాత్రం బండరాళ్లు, వాటి మధ్య ఉత్త మట్టి. ఆయన స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. ఎర్రమట్టి పొడిపొడిగా రాలి నా పాదాల మీద పడింది. దాదాపు నలభై ఏళ్లు ఆ గోడల మధ్య కాపురం చేశాను. అవి దేని మీద నిలబడ్డాయో ఆ రోజే చూశాను.

12 అడుగులకు 11 అడుగుల గదికి ఆయన అక్కడే లెక్క వేశారు. స్లాబు ఒక్కటే నాలుగు టన్నుల దాకా వస్తుంది. చుట్టూ తొమ్మిదించుల గోడలు కలిపితే ఇరవై దాటుతుంది. ఆ మట్టి మీద అంత బరువు పెట్టడానికి మా అబ్బాయికీ మనసొప్పలేదు.

వెనకే కట్టాం. కొత్త గదికి పిల్లర్లు వేరు, పునాది వేరు. పాత గోడకు అతికించకుండా అంగుళం సందు వదిలారు. కొత్త కట్టడం మొదట్లో కాస్త కుంగుతుందట, రెంటినీ కలిపేస్తే అతుకు దగ్గర బీట వారుతుందట. వదలాల్సిన ఖాళీ వదిలాం కాబట్టి గది అనుకున్నంత పెద్దది కాలేదు. జామచెట్టు పోయింది. కొట్టిన రోజు అత్తమ్మ గదిలోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ఆమె వాకర్ పట్టే వెడల్పు తలుపు, గడప లేని బాత్రూం, గోడకు పట్టుకునే కడ్డీ ఉన్నాయి. రాత్రిళ్లు నన్ను లేపకుండా తనే వెళ్లొస్తోంది.

మన రాష్ట్రంలో 2020 నాటి చట్టంతో చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, సంతోషం. కానీ పాత ఇంటి మీద అంతస్తు వేసేవాళ్ల దగ్గర పునాది తవ్వి చూసిన ఇంజినీరు కాగితం తప్పకుండా తీసుకోవాలని మున్సిపల్ అధికారులను వేడుకుంటున్నాను. మా ఊళ్లోనే ఎన్‌ఐటీ ఉంది. అక్కడి సివిల్ విభాగం వారు నెలకొక రోజు ఇలాంటి ఇళ్లవాళ్లకు సలహా చెప్పినా ఎంతో మేలు. మా గుంత తవ్వడానికి ఒక కూలీ, ఒక పూట పట్టింది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, హన్మకొండ